సెషన్స్ కేసులో లాయరును మార్చాలి: ఎన్‌ఓసీ (సమ్మతి పత్రం) ఇవ్వడం లేదు, ఫైలు ఇవ్వడం లేదు, కట్టిన ఫీజు సంగతేంటి?

వాయిదా_వాసి
మా తమ్ముడి మీద సెషన్స్ కోర్టులో కేసు. బెయిల్ వచ్చింది, చార్జెస్ ఫ్రేమ్ అయ్యాయి, సాక్షుల షెడ్యూలు వచ్చే నెలలో మొదలు. కేసు మొత్తానికి 2,00,000 అని మాట్లాడుకుని 1,60,000 ఇచ్చాం. అందులో 90,000 యూపీఐలో వెళ్లింది, 70,000 చేతికిచ్చాం, రసీదు లేదు. గత నాలుగు వాయిదాల్లో మూడింటికి లాయరు గారు రాలేదు, జూనియర్నీ పంపలేదు. ఒక వాయిదాకి తమ్ముడు జ్వరంతో వెళ్లలేకపోతే 317 పిటిషన్ (ఆ రోజు హాజరు నుంచి మినహాయింపు కోరేది) కూడా పడలేదు, ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్ వారెంటు) ఇచ్చేశారు. ఇప్పుడు మారతామంటే "మిగతా నలభై వేలు ఇస్తేనే ఎన్‌ఓసీ, ఫైలు" అంటున్నారు. ఎన్‌ఓసీ లేకుండా మారొచ్చా? ఫైలు ఎలా తెచ్చుకోవాలి? డబ్బు ఎంతవరకు వెనక్కి వస్తుంది?

నల్లకోటు_నరసయ్య
మిగతావన్నీ తర్వాత. ఆ ఎన్‌బీడబ్ల్యూ రీకాల్ అయిందా లేదా?

వాయిదా_వాసి
అయింది. తమ్ముడు మర్నాడే వెళ్లి కోర్టులో నిలబడ్డాడు, జూనియర్ వచ్చి రీకాల్ పిటిషన్ వేశాడు. దానికి వేరేగా 5,000 తీసుకున్నారు.

గుంటూరు_మిర్చి
కన్జ్యూమర్ ఫోరంలో వేసేయండి. సర్వీసులో లోపం అంటే ఇదే. నోటీసు వెళ్తే రెండు లక్షలూ టేబుల్ మీద పెడతారు.

జూనియర్_అడ్వకేట్
మిర్చీ గారూ, ఆ దారి మూసుకుపోయింది. 2024 మే 14న డి.కె. గాంధీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: లాయరు సేవ వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రాదు. 2007లో జాతీయ కమిషన్ వస్తుందని చెప్పిన తీర్పును కొట్టేసింది. ఇప్పుడు ఫోరంకి వెళ్తే విచారణకు తగదని తిప్పి పంపుతారు, ఆ తిరుగుడులో నెలలు పోతాయి.

గుంటూరు_మిర్చి
తెలీదు, మంచిది చెప్పారు. మరి ఇంక ఎక్కడికి పోవాలి మనిషి?

నల్లకోటు_నరసయ్య
మూడు ప్రశ్నలకూ మూడు వేర్వేరు దారులు. అన్నిటినీ కలిపి ఒకే గొడవ చేస్తే నష్టపోయేది ముద్దాయే. వాయిదా దగ్గర పడుతోంది కాబట్టి ముందు వకాలత్ (లాయరుకి ఇచ్చే అధికార పత్రం), తర్వాత ఫైలు, ఆఖర్న డబ్బు. ఈ వరస తప్పొద్దు.

నచ్చిన లాయరును పెట్టుకోవడం ముద్దాయి హక్కు. రాజ్యాంగం 22(1)లో ఉంది, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 303లో ఉంది, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 340. కాకపోతే కొత్తగా వచ్చే లాయరుకి ఒక కట్టుబాటు ఉంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 39వది: ఒకరి వకాలత్ లేదా మెమో ఆఫ్ అప్పియరెన్స్ ఉన్న కేసులో ఇంకొకరు వాళ్ల సమ్మతి లేకుండా హాజరు కాకూడదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ అదే నియమంలో రెండో సగం కూడా ఉంది. సమ్మతి దొరక్కపోతే ఎందుకు దొరకలేదో చెప్పి కోర్టుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కోర్టు అనుమతిస్తే హాజరు కావచ్చు. కాబట్టి ఎన్‌ఓసీ అనేది సులువైన దారే తప్ప ఒక్కటే దారి కాదు.

చేయాల్సింది ఇది. తమ్ముడు స్వయంగా సంతకం పెట్టి పాత లాయరుకి ఒక ఉత్తరం రాయాలి. నాలుగు వాక్యాలు చాలు: కేసు నంబరు, మీ వకాలత్ ఇంతటితో ఉపసంహరించుకుంటున్నాను, ఫలానా తేదీలోగా సమ్మతి సంతకం, ఫైలు ఇప్పించగలరు. తిట్లు వద్దు, ఫీజు ప్రస్తావన వద్దు. రిజిస్టర్డ్ పోస్టులో రసీదుతో పంపి, అదే ఫొటో తీసి వాట్సాప్‌లో కూడా పెట్టండి. వారం చూడండి. రాకపోతే కొత్త లాయరు కొత్త వకాలత్, అనుమతి కోరే పిటిషన్, తమ్ముడి అఫిడవిట్, ఆ పోస్టు రసీదు అన్నీ కలిపి వేస్తారు. కోర్టు పాత లాయరుకి నోటీసు ఇవ్వమనవచ్చు. "ఫీజు బాకీ ఉంది" అన్నది ముద్దాయికి లాయరు లేకుండా చేయడానికి కారణం కాదు. ఆ బాకీ ఏదైనా ఉంటే ఆయన సివిల్ దావా వేసుకోవాలి.

వాయిదా_వాసి
కొత్త లాయరును ఇద్దర్ని అడిగాను. ఇద్దరూ "ముందు ఎన్‌ఓసీ తెండి" అన్నారు.

నల్లకోటు_నరసయ్య
ఒకే బార్‌లో పొద్దున లేస్తే మొహాలు చూసుకోవాలి కదా, మొహమాటం. జిల్లా కేంద్రంలో కాకుండా పక్క జిల్లా నుంచో, హైకోర్టు నుంచో వచ్చి సెషన్స్‌లో నడిపేవాళ్లని అడగండి. లేదా బార్ అసోసియేషన్‌లో పెద్దమనిషి ఒకర్ని మధ్యలో పెట్టండి. సగానికి సగం ఎన్‌ఓసీలు కోర్టు హాలు బయట, టీ తాగుతూ తేలతాయి.

పాతఫైలు_పద్మ
నరసయ్య గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. కొత్త వకాలత్ రికార్డులోకి ఎక్కేదాకా తమ్ముడు ప్రతి వాయిదాకీ తనే వెళ్లాలి. పాత లాయరు 317 వేస్తారని నమ్ముకుని ఇంట్లో కూర్చుంటే ఈసారి వారెంటు రీకాల్ అంత సులువు కాదు. లాయరు రాకపోయినా పేరు పిలవగానే ముందుకు వెళ్లి "అయ్యా, లాయరును మార్చుకుంటున్నాను, కొద్ది గడువు ఇప్పించండి" అని జడ్జి గారికి నోటితో చెప్పొచ్చు. అది డాకెట్‌లో (ఆ వాయిదాలో జరిగింది కోర్టు రాసుకునే నోట్) రాస్తారు. తర్వాత అనుమతి పిటిషన్‌కి అదే బలం అవుతుంది.

ఇంకోటి. హైకోర్టులో క్వాష్ (కేసే కొట్టేయమనే) పిటిషనో, బెయిల్ షరతుల సడలింపు పిటిషనో పెండింగ్ ఉంటే అక్కడ విడిగా వకాలత్ మార్చాలి. కింది కోర్టులో మారితే పైకోర్టులో దానంతటది మారదు.

కాపీసెక్షన్
ఫైలు గురించి నేను చెప్తాను, ఎందుకంటే జనం అనవసరంగా భయపడేది ఇక్కడే. లాయరు ఆఫీసులో ఉన్న కట్టలో ముప్పాతిక భాగం కోర్టులో కూడా ఉంటుంది. ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు, సాక్షులు పోలీసులకిచ్చిన 161 స్టేట్‌మెంట్లు, పంచనామాలు, ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు, వైద్య పత్రాలు, బెయిల్ ఆర్డరు, చార్జెస్, ప్రతి వాయిదా డాకెట్. వీటన్నిటికీ సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

జరిగే తప్పు ఒక్కటే. కాపీ అప్లికేషన్ వేసి మర్చిపోతారు. ఎన్ని పేజీలో లెక్కేసి స్టాంపులు కట్టమని కాపీయింగ్ సెక్షన్ నోటీసు బోర్డులో పెడతారు, ఎవరూ ఫోన్ చేయరు. గడువులో కట్టకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి వేసిన రోజే నంబరు రాసుకుని ఒకరోజు విడిచి ఒకరోజు బోర్డు చూడండి. వాయిదా దగ్గర్లో ఉందని అర్జెంటు అప్లికేషన్ కూడా పెట్టొచ్చు.

అసలు కంగారు పడాల్సింది కోర్టులో లేని కాగితాల గురించి. మీరిచ్చిన ఒరిజినల్స్: షూరిటీ కోసం ఇచ్చిన ఇంటి పత్రాలు, పాస్‌బుక్కులు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు, ఆసుపత్రి బిల్లులు, తమ్ముడు ఆ రోజు వేరే ఊళ్లో ఉన్నాడని చూపే టికెట్లు, ఫొటోలు, పెన్‌డ్రైవ్. ఉత్తరంలో వీటి జాబితా ఒక్కోటి పేరుపేరునా రాయండి. "ఫైలు ఇవ్వండి" అని ఒక్క ముక్కలో రాస్తే రేపు "నా దగ్గర ఇంతే ఉంది" అనడానికి సందు దొరుకుతుంది.

జూనియర్_అడ్వకేట్
ఫీజు కోసం ఫైలు ఆపడం గురించి 2000లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది, ఆర్.డి. సక్సేనా కేసు. ఒక సహకార బ్యాంకు లాయరు ఫీజు బాకీ ఉందని కేసుల కట్టలు తన దగ్గరే పెట్టుకున్నారు. కక్షిదారు కాగితాల మీద లాయరుకి తాకట్టు హక్కు లేదు, అడిగినా తిరిగివ్వకపోవడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని కోర్టు అంది. బార్ కౌన్సిల్ 18 నెలలు ప్రాక్టీసు నుంచి తప్పించి 1,000 జరిమానా వేస్తే, అప్పటిదాకా చట్టం స్పష్టంగా లేదని సుప్రీంకోర్టు దాన్ని మందలింపుకి తగ్గించింది. ఇప్పుడు స్పష్టంగా ఉంది కాబట్టి ఆ మినహాయింపు ఎవరూ అడగలేరు.

వాయిదా_వాసి
అంటే ఫైలు ఇవ్వకపోతే ఈ తీర్పు పేరు ఉత్తరంలో రాయొచ్చా?

జూనియర్_అడ్వకేట్
మొదటి ఉత్తరంలో వద్దు. మర్యాదగా అడిగారని రికార్డు ఉండాలి. రెండో ఉత్తరంలో రాయండి. "డబ్బు వెనక్కి ఇవ్వకపోతే బార్ కౌన్సిల్‌కి వెళ్తా" అని మాత్రం ఏ కాగితంలోనూ రాయకండి. ఫిర్యాదును డబ్బు వసూలుకి బెదిరింపుగా వాడారన్న మాట మీ మీదికే వస్తుంది. డబ్బు అడిగే కాగితం వేరు, నడవడిక మీద ఫిర్యాదు వేరు.

లెక్కలమాష్టారు
ఇప్పుడు డబ్బు. కాగితం మీద లెక్క వేయకుండా "మొత్తం వెనక్కి ఇవ్వాలి" అనడం దండగ, ఎందుకంటే పని కొంత జరిగింది. సెషన్స్ కేసు మొత్తం ఫీజును దశల వారీగా పంచి చూద్దాం. బెయిల్ 50,000. చార్జిషీటు కాపీలు, చార్జెస్ దశ 20,000. సాక్షుల విచారణ 90,000. వాదనలు, తీర్పు దాకా 40,000. మొత్తం 2,00,000. జరిగినవి మొదటి రెండు దశలే, అంటే 70,000. ఇచ్చింది 1,60,000. మిగిలింది 90,000. ఎన్‌బీడబ్ల్యూ రీకాల్‌కి తీసుకున్న 5,000 కూడా అడగాలి. ఎవరు చేయని పని వల్ల వారెంటు వచ్చిందో వాళ్లే దాన్ని తీయించడానికి ఫీజు తీసుకోవడం న్యాయం కాదు. మొత్తం 95,000.

రెండోవైపు
మాష్టారూ, మీ పంపకం ఒప్పుకోను. సెషన్స్ కేసులో బెయిల్ అంటే కోర్టులో నిలబడే పది నిమిషాలు కాదు. రాత్రికి రాత్రి ఎఫ్‌ఐఆర్ తెప్పించడం, రిమాండు చూడడం, పిటిషన్ రాయడం, పీపీ (ప్రభుత్వ లాయరు) కౌంటర్‌కి జవాబు, మళ్లీ మళ్లీ వాయిదాలు, షూరిటీ కాగితాలు. ఏ లాయరైనా మొత్తం ఫీజులో బెయిల్‌కే 75,000 నుంచి 80,000 కట్టుకుంటారు. చార్జెస్ కలిపితే లక్ష. మిగిలేది 60,000. ఆ లాయరు వాయిదాలకి రాకపోవడం తప్పే, ముమ్మాటికీ తప్పే. అలాగని చేసిన పనికి విలువ లేకుండా పోదు.

లెక్కలమాష్టారు
మీ మాటలో పస ఉంది. 60,000కీ 95,000కీ మధ్య ఎక్కడో ఒకచోట రాజీ కుదరాలి. దశల వారీ రేట్లు ముందే రాసుకోకపోవడం వల్ల వచ్చిన తంటా ఇది.

జూనియర్_అడ్వకేట్
ఇక్కడ చట్టం పాయింటు ఒకటి జాగ్రత్తగా చూడాలి. "పని చేయని మేరకు ఫీజు తిరిగివ్వాలి" అనేది బార్ కౌన్సిల్ 12వ నియమం. కానీ ఆ నియమం మాటల్లో లాయరే కేసు నుంచి తప్పుకున్నప్పటి సంగతి. ఇక్కడ తీసేస్తున్నది మీరు. అప్పుడు ఆయన "నేను తప్పుకోలేదు, వాళ్లే తీసేశారు" అంటారు. మీ జవాబు: వాయిదాలకు రాకుండా, 317 వేయకుండా వదిలేయడం అంటే పని మానేసినట్టే. డాకెట్ కాపీల్లో "ముద్దాయి తరఫు న్యాయవాది హాజరు కాలేదు" అని ఉంటుంది. కాబట్టి ఆ మూడు వాయిదాల డాకెట్ సర్టిఫైడ్ కాపీలు ఫీజు గొడవకీ ప్రాణం. కాంట్రాక్టు చట్టం కింద ఒప్పుకున్న పని చేయనందుకు డబ్బు తిరిగి అడిగే హక్కు ఎలాగూ ఉంది.

కాపీసెక్షన్
అవి ఇప్పుడే వేయండి. తీర్పు వచ్చి రికార్డు రికార్డ్ రూముకి వెళ్లాక వెతికించుకోవడం ఇంకో తలనొప్పి.

పాతఫైలు_పద్మ
లెక్కలు బానే ఉన్నాయి కానీ పెద్ద చిల్లు ఎవరూ చూడలేదు. 70,000కి రసీదు లేదు. రేపు ఆయన "నాకు ముట్టింది 90,000 మాత్రమే, అందులో లక్ష రూపాయల పని చేశాను, వాళ్లే ఇంకా 10,000 బాకీ" అంటే ఏం చూపిస్తారు? వాయిదా_వాసి గారూ, "నలభై ఇస్తేనే ఎన్‌ఓసీ" అన్న మాట ఎలా అన్నారు? నోటితోనా, ఫోన్‌లోనా, రాసి పంపారా?

వాయిదా_వాసి
వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్. "రెండులో ఇంకా నలభై ఉంది, అది వేసేస్తే ఎన్‌ఓసీ మీద సంతకం పెడతా, ఫైలు తీసుకెళ్లండి" అని.

పాతఫైలు_పద్మ
ఆ మెసేజ్ మీ రసీదు. రెండు లక్షల ఒప్పందం ఉందని, అందులో నలభై మాత్రమే మిగిలిందని, అంటే 1,60,000 ముట్టిందని ఆయన గొంతుతోనే ఉంది. పైగా ఫీజు కోసం ఫైలు ఆపుతున్నానని కూడా ఉంది. ఆ ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి, చాట్ డిలీట్ చేయకండి. వేరేవాళ్లకి ఫార్వర్డ్ చేసిన కాపీ కన్నా ఆ ఫోన్‌లో ఉన్న అసలు మెసేజే ముఖ్యం.

జూనియర్_అడ్వకేట్
పద్మ గారు భలే పట్టుకున్నారు. దాన్ని సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63(4) కింద సర్టిఫికెట్ కావాలి. పాత 65బీ సర్టిఫికెట్ లాంటిదే, కాకపోతే ఇప్పుడు ఫారంలో రెండు భాగాలు. ఒకటి ఫోన్ ఎవరిదో వాళ్లు, రెండోది నిపుణుడు సంతకం పెట్టాలి, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) రాయాలి. దావా వేసేటప్పుడే జత చేయండి.

తెల్లకాగితం
బార్ కౌన్సిల్‌లో ఫిర్యాదు ఇస్తే డబ్బు ఇప్పిస్తారు కదా? అందరూ అదే చెప్తారు.

నల్లకోటు_నరసయ్య
అది వసూళ్ల కోర్టు కాదు. అడ్వకేట్స్ చట్టం 1961, సెక్షన్ 35 కింద క్రమశిక్షణ కమిటీ మందలించొచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయొచ్చు, రోల్ నుంచి పేరు తీసేయొచ్చు. కక్షిదారు ఫీజుకి డిక్రీ ఇవ్వదు. నోటీసు అందాక చాలామంది రాజీకి వస్తారన్నది వేరే సంగతి. ఫిర్యాదు తెలుగులో రాయొచ్చు, వెరిఫికేషన్‌తో సంతకం పెట్టాలి, నిర్ణయించిన రుసుము కట్టాలి. ఆంధ్రప్రదేశ్‌కి, తెలంగాణకి వేర్వేరు బార్ కౌన్సిళ్లు, లాయరు ఎక్కడ నమోదైతే అక్కడికే పంపాలి. ఏడాదిలో తేల్చకపోతే సెక్షన్ 36బీ ప్రకారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి బదిలీ అవుతుంది. ఆర్డరు నచ్చకపోతే 60 రోజుల్లో అప్పీలు.

ఫిర్యాదుకి ముందు ఒక పని చేయండి. నియమాల ప్రకారం లాయరు కక్షిదారు డబ్బుకి లెక్క రాయాలి. ఫీజు ఎంత, ఖర్చులకి ఎంత అని విడివిడిగా ఉండాలి. ఖర్చులకని తీసుకున్నది కేసు నడుస్తుండగా మీ రాతపూర్వక ఒప్పుకోలు లేకుండా ఫీజులో కలుపుకోకూడదు. అడిగితే ఖాతా కాపీ ఇవ్వాలి. కాబట్టి "నా ఖాతా లెక్క ఇప్పించండి" అని ఉత్తరం రాయండి. లెక్క ఇస్తే ఆయనకి ముట్టిన మొత్తం తేలుతుంది. ఇవ్వకపోతే అదే ఒక ఫిర్యాదు అంశం.

విశాఖ_తీరం
మరి డబ్బు కోసం ఎక్కడికి? సివిల్ దావా అంటే ఏళ్లు పడుతుంది కదా.

నల్లకోటు_నరసయ్య
దావాకి ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ కేసు వేయండి. పీఎల్‌సీ అంటారు. కోర్టు ఫీజు ఉండదు. తెల్లకాగితం మీద అర్జీ, యూపీఐ స్టేట్‌మెంట్, ఉత్తరాల కాపీలు. అవతలి వాళ్లకి నోటీసు వెళ్తుంది, కూర్చోబెట్టి మాట్లాడతారు. కుదిరితే లోక్ అదాలత్ అవార్డు వస్తుంది, అది డిక్రీతో సమానం, ఇవ్వకపోతే అమలు పిటిషన్ వేసుకోవచ్చు. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే సంస్థ నుంచి పిలుపు కాబట్టి లాయర్లు సాధారణంగా వస్తారు. ఆయన ఒప్పుకోకపోతే మాత్రం అక్కడ బలవంతం లేదు, సివిల్ కోర్టుకే వెళ్లాలి. గడువు మూడేళ్లు. రాజీ మాటల్లో పడి ఆ మూడేళ్లు దాటనివ్వకండి, మాటలు నడుస్తున్నాయని గడువు ఆగదు.

గుంటూరు_మిర్చి
420 కేసు పెడితే? పోలీస్ స్టేషన్‌కి పిలిస్తే సాయంత్రానికల్లా ఇస్తారు.

రెండోవైపు
పెట్టకండి. మోసం కేసు నిలవాలంటే డబ్బు తీసుకున్న రోజే ఎగ్గొట్టాలనే ఉద్దేశం ఉండాలి. ఇక్కడ బెయిల్ తెచ్చారు, చార్జెస్ దాకా నడిపారు. ఇది ఒప్పందం సరిగా నెరవేర్చకపోవడం. స్టేషన్లో సివిల్ అంటారు. పైగా ఇప్పటికే ఒక క్రిమినల్ కేసు మోస్తున్న కుటుంబం ఇంకోటి ఎందుకు నెత్తికెత్తుకోవడం? వేసిన పిటిషన్ అసలు వేయకుండా డబ్బు తీసుకున్నా, దొంగ ఆర్డరు కాపీ చేతిలో పెట్టినా అప్పుడు వేరే సంగతి, అది నేరమే.

విశాఖ_తీరం
మా దగ్గరి వాళ్ల కేసులో లాయరు "పైన ఇవ్వాలి" అని విడిగా తీసుకున్నాడు. అది కూడా ఈ లెక్కలో అడగొచ్చా?

జూనియర్_అడ్వకేట్
కాస్త ఆగి ఆలోచించి అడుగు వేయండి. జడ్జికో, పోలీసుకో ఇవ్వడానికని ఇచ్చిన డబ్బు చట్టవిరుద్ధ ఒప్పందం. కోర్టు ద్వారా అది వెనక్కి రావడం చాలా కష్టం. పైగా అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాళ్లు కూడా సెక్షన్ 8 కింద నేరస్థులే. బలవంతం మీద ఇచ్చినవాళ్లకి ఒక రక్షణ ఉంది, ఏడు రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పాలి. కాబట్టి ఆ డబ్బు గురించి ఏ ఉత్తరంలోనూ, ఇక్కడా కూడా ఇంకేమీ రాయకండి. ముందు వేరే లాయరును ఏకాంతంగా కలిసి అడగండి. ఆ సంభాషణ గోప్యంగా ఉంటుంది. ఈ గోప్యత పాత లాయరుకీ వర్తిస్తుంది, సంబంధం తెగిపోయాక కూడా. మీరు చెప్పినవి బయట పెట్టకూడదు, అదే కేసులో అవతలి పక్షాన నిలబడకూడదు.

కరీంనగర్_కిట్టు
మనిషి జైల్లో ఉంటే ఇదంతా ఎలా? సంతకాలు ఎవరు పెడతారు?

పాతఫైలు_పద్మ
కొత్త వకాలత్ ఫారం జైలుకి పంపితే ముద్దాయి సంతకం పెడతాడు, జైలు అధికారి ధృవీకరించి ముద్ర వేస్తారు. ములాఖత్ రోజున తీసుకెళ్తే మేలు. బయట ఉన్న బంధువు వకాలత్ మీద సంతకం పెడితే చెల్లదు, ముద్దాయి సంతకమే కావాలి. డబ్బు లేకపోతే 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు. ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి కూడా అంతే. 15100కి ఫోన్ చేయొచ్చు.

కస్టడీలో ఉన్నప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు రాకపోతే డిఫాల్ట్ బెయిల్ హక్కు పుడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లో లాయరు మార్పు గొడవలో పిటిషన్ వేయడం మర్చిపోతే, ఈలోగా చార్జిషీటు పడిందంటే ఆ హక్కు పోయినట్టే. రిమాండు తేదీ నుంచి లెక్క గోడ మీద రాసి పెట్టుకోండి.

తెల్లకాగితం
ఒకే వకాలత్ మీద ఏ1, ఏ2 ఇద్దరూ ఉంటే, ఏ2 ఒక్కడే మారాలంటే?

నల్లకోటు_నరసయ్య
మారొచ్చు. కొత్త వకాలత్ "రెండో ముద్దాయి తరఫున" అని వేస్తారు, ఏ1కి పాతవారే కొనసాగుతారు. చాలాసార్లు అలా విడిపోవడమే మంచిది. ఏ1 బయటపడాలంటే ఏ2 మీదికి నెట్టాల్సిన కేసులుంటాయి, ఒకే లాయరు ఇద్దరికీ న్యాయం చేయలేరు.

వాయిదా_వాసి
సాక్షులు మొదలయ్యేలోపు మార్చలేకపోతే? మొదటి సాక్షి ఫిర్యాదుదారే.

నల్లకోటు_నరసయ్య
అందుకే తొందరపడమన్నది. పీడబ్ల్యూ1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి) చీఫ్ విచారణ అయ్యాక మీ వైపు ఎవరూ లేకపోతే "క్రాస్ నిల్" (ఎదురు ప్రశ్నలు లేవు) అని రాసేయవచ్చు. తర్వాత సాక్షిని మళ్లీ పిలిపించాలంటే పాత 311, ఇప్పటి 348 కింద పిటిషన్ వేయాలి. "కొత్త లాయరును పెట్టుకున్నాం" అన్నది ఒక్కటే కారణమైతే రీకాల్ దొరకదు. 2015లో ఢిల్లీ ట్యాక్సీ అత్యాచారం కేసులో సుప్రీంకోర్టు అదే చెప్పింది, హైకోర్టు ఇచ్చిన రీకాల్ ఆర్డరును కొట్టేసింది. క్రాస్ పూర్తిగా జరగలేదు, ఫలానా ప్రశ్నలు అడగడం అవసరం అని నిర్దిష్టంగా చూపించాలి. వాయిదా కోసం "మా లాయరు వేరే కోర్టులో ఉన్నారు" అనడమూ చట్టప్రకారం కారణం కాదు.

నా సలహా: షెడ్యూలు మొదటి తేదీకి కనీసం రెండు వారాల ముందు కొత్త వకాలత్ పడాలి. ఫిర్యాదుదారు క్రాస్ సరిగ్గా తయారు చేయాలంటే కొత్తవారికి ఆ మాత్రం టైము కావాలి. మీ కేసు 2024 జూలై 1కి ముందే కోర్టులో ఉంటే పాత సీఆర్‌పీసీ నంబర్లే నడుస్తాయి, పిటిషన్ మీద ఏ సెక్షన్ రాశారో చూసుకోండి.

లెక్కలమాష్టారు
కొత్త లాయరుతోనైనా ఒక కాగితం రాసుకోండి. సాక్షికి ఇంత, వాదనలకి ఇంత, జూనియర్ హాజరుకి వేరే ఉందా లేదా, గుమస్తా ఖర్చు, కాపీల ఖర్చు ఎవరిది, మధ్యలో ఆగిపోతే ఎంత తిరిగిస్తారు. "కేసు కొట్టేయిస్తే ఇంత" అనే మాట ఎవరన్నా లేచి వచ్చేయండి. ఫలితం మీద ఆధారపడ్డ ఫీజు నియమాలకే విరుద్ధం.

వాయిదా_వాసి
చెప్పినట్టే చేశాం. ఉత్తరం రిజిస్టర్ చేసి పంపాం, ఎన్‌ఓసీ రాలేదు. పక్క జిల్లా లాయరు గారు అనుమతి పిటిషన్ వేశారు, డాకెట్ కాపీలు రెండు జత చేశారు. కోర్టు అనుమతించింది. ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్‌ఆర్ నంబరు (కేసు గుర్తింపు సంఖ్య) కొట్టి చూస్తే కొత్త పేరు కనిపిస్తోంది. సక్సేనా తీర్పుతో రెండో ఉత్తరం వెళ్లాక ఫైలు వచ్చింది, కానీ ఇంటి పత్రం ఒకటి, పెన్‌డ్రైవ్ ఒకటి రాలేదు. పీఎల్‌సీలో నోటీసు వెళ్లింది. ఇంకో భయం ఉంది. మొదట్లో గ్యారంటీగా ఉంటుందని సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఒకటి ఆయన దగ్గరే ఉంది.

జూనియర్_అడ్వకేట్
ఇది మొదటి రోజే చెప్పాల్సింది! ఇవాళే ఇంకో ఉత్తరం పంపండి. చెక్కు నంబరు, బ్యాంకు పేరు, "ఫీజుకు హామీగా తేదీ, మొత్తం లేకుండా ఇచ్చినది, ప్రస్తుతం మీకు ఏమీ బాకీ లేదు, తిరిగి పంపండి" అని. స్టాప్ పేమెంట్ కూడా ఇవ్వండి, కానీ స్టాప్ పేమెంట్ ఇస్తే 138 (చెక్ బౌన్స్ కేసు) రాదనుకోకండి, వస్తుంది. మిమ్మల్ని కాపాడేది బాకీ లేదని ముందే రాసిన ఆ ఉత్తరం. ఆయన చెక్కు వేసి నోటీసు పంపితే, అందిన రోజు నుంచి 15 రోజుల్లోగా జవాబు తప్పకుండా ఇవ్వండి.

2017 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసు చూడండి. ప్రమాద పరిహారంలో శాతం లెక్కన ఫీజు అంటూ లాయరు తీసుకున్న చెక్కు మీద 138 కేసు వేస్తే సుప్రీంకోర్టు కొట్టేసింది. అలాంటి ఫీజు ప్రజా విధానానికి విరుద్ధమని, సంతకం చేసిన చెక్కు ఉన్నంత మాత్రాన బాకీ ఒప్పుకున్నట్టు కాదని చెప్పింది. మీది శాతం ఫీజు కాదు కాబట్టి ఆ తీర్పు నేరుగా సరిపోదు, కానీ రెండో మాట పనికొస్తుంది.

కాపీసెక్షన్
ఆ చెక్కు సంగతి, ఇంటి పత్రం, పెన్‌డ్రైవ్ మూడూ పీఎల్‌సీ అర్జీలో కలపమని అడగండి. డబ్బు ఒక్కటే తేలి అవార్డు రాసేస్తే మిగతావాటికి మళ్లీ తిరగాలి. రాజీ రోజున ఆ మూడూ చేతికి వచ్చాకే సంతకం పెట్టండి.

వాయిదా_వాసి
రేపు పొద్దున్నే బ్యాంకుకి, అట్నుంచి న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్తున్నాను. పీడబ్ల్యూ1 క్రాస్‌కి కొత్త లాయరు గారు డాకెట్లు, 161 స్టేట్‌మెంట్లు అన్నీ చదివేశారు.